ఆసన్న కోణాల దగ్గర పిల్లలు తప్పు చేసే చోట్లు, వాటికి విరుగుడు

ట్యూషన్‌లో లెక్కలు చెప్తుంటాను, రేఖలు-కోణాలు పాఠం వచ్చిందంటే ప్రతి బ్యాచ్‌లో ఇవే తప్పులు. ఆసన్న కోణాలంటే ఒకే బిందువు దగ్గర, ఒక భుజం ఉమ్మడిగా ఉండి, పక్కపక్కన ఉండే రెండు కోణాలు.

సమస్య: పి అనే బిందువు నుంచి పిఏ, పిబి, పిసి అని వరసగా మూడు కిరణాలు గీసి, ఏపిబి, ఏపిసి ఆసన్న కోణాలేనా అని అడిగితే టక్కున అవునంటారు.

కారణం: శీర్షం (భుజాలు కలిసే బిందువు) ఒకటే, పిఏ ఉమ్మడి భుజం, రెండూ కుదిరాయి కదా అని అక్కడే ఆగిపోతారు, మూడో కండిషన్ చూడరు. మిగతా రెండు భుజాలు ఉమ్మడి భుజానికి చెరోవైపు ఉండాలి, ఇక్కడేమో చిన్న కోణం పెద్దదాని లోపలే ఉంది.

పరిష్కారం: రెండు రంగు పెన్సిళ్లు ఇవ్వండి. ఒక కోణానికి ఎరుపు, రెండోదానికి పసుపు వేయమనండి, రంగు మీద రంగు పడిందా, అవి ఆసన్న కోణాలు కావు. ఇది చేయిస్తే డెఫినిషన్ బట్టీ పట్టక్కర్లేదు.

సమస్య: ఆసన్న కోణాలు అనగానే మొత్తం 180 అని రాసేస్తారు.

కారణం: ఇది పూర్తిగా పిల్లల తప్పు కాదు. ఒకటేమో రేఖీయ ద్వయం (బయటి భుజాలు ఒకే సరళరేఖగా ఉండి, మొత్తం 180 అయ్యే ఆసన్న కోణాల జత) కూడా ఇదే పాఠంలో వస్తుంది, రెండోది ఇంకా చిక్కు, సమాంతర చతుర్భుజంలో కూడా "ఆసన్న కోణాల మొత్తం 180" అని చదువుతారు, కానీ అక్కడ ఆ రెండు కోణాలకి శీర్షాలు వేరు, కలిసేది ఒక భుజం మాత్రమే. పేరు ఒకటే, అర్థం వేరు. ఈ ముక్క విడమర్చి చెప్పకపోతే ఎన్ని లెక్కలు చేయించినా అదే తప్పు మళ్ళీ వస్తుంది.

పరిష్కారం: గడియారం బొమ్మ వేసి మధ్య నుంచి 12కి, 1కి, 3కి గీతలు గీయించండి. మొదటిది 30 డిగ్రీలు, రెండోది 60, కలిపితే 90. ఆసన్న కోణాలే, 180 మాత్రం రాలేదు. బయటి రెండు భుజాలు ఒకే సరళరేఖ అయితేనే 180.

సమస్య: రెండు రేఖలు కత్తెరలా ఖండించుకున్నాయి, ఎదురెదురు కోణాలు 3ఎక్స్, 60. పిల్లలు కలిపి 180 అనుకుని ఎక్స్ 40 అంటారు. అవి శీర్షాభిముఖ కోణాలు, సమానం, కాబట్టి ఎక్స్ 20. సమీకరణం రాసేముందు రెండు కోణాలకీ ఉమ్మడిగా ఉన్న భుజాన్ని వేలితో చూపించమనండి, చూపించలేకపోతే కలపకూడదు.

అన్నీ సరిగ్గా చేసినా 50 రావాల్సిన చోట 130 వస్తుంటే కోణమానిలో (ప్రొట్రాక్టర్‌లో) రెండో వరస అంకెలు చదువుతున్నారు, భుజం ఆనిన వైపు సున్నా నుంచి లెక్కపెట్టించండి.