హైదరాబాదు ఎండకు, వానకు తగిన ఇల్లు కట్టించుకోవడం

హైదరాబాదులో ఇల్లు కట్టించేవారు ప్లాను గీయించే ముందు ఒక పూట, మధ్యాహ్నం మూడు నుంచి పొద్దుగూకే దాకా, తమ స్థలంలో ఎండ ఎటు నుంచి పడుతుందో, పక్కింటి నీడ ఎంతవరకు వస్తుందో గమనించాలి. నగరం సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందువల్ల మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. అందుచేత వేసవిలో దక్షిణపు గోడకన్నా డాబా, తూర్పు పడమటి గోడలే ఎక్కువగా కాగుతాయి.

పడమటి గోడ సాయంత్రపు ఎండను తాగి, మనం పడుకునే వేళకు ఆ వేడిని గదిలోకి వదులుతుంది. వాస్తుతో చిక్కు ఇక్కడే వస్తుంది: పెద్ద పడకగది నైరుతిలో ఉండాలంటారు, ఆ మూలకే ఎండ ఎక్కువ. నమ్మకాన్ని కాదనకుండానే దీన్ని సరిచేయవచ్చు. గదిని అక్కడే ఉంచి, ఇటుకలను అంచు మీద నిలబెట్టి లోపల ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ పద్ధతిలో పడమటి గోడ లేపి, దాని పొడవునా లోపలివైపు బట్టల బీరువాలు కట్టించండి. అన్ని కిటికీలకూ ఒకే కొలత సజ్జ పోయడం మేస్త్రీల అలవాటు. దక్షిణపు కిటికీకి అది చాలు. పడమట మాత్రం ఏటవాలు ఎండ సజ్జ కింది నుంచే లోపలికి వస్తుంది కనుక నిలువు పలకలో, గాలి ఆడే చిల్లులున్న జాలీ గోడో తప్పనిసరి. జాలీని, ఇంటి నడుమ పైకప్పు లేకుండా వదిలే నడిమి వాకిలిని నేటి కట్టడంలో ఎలా వాడవచ్చో చూడాలంటే 2004లో ప్రారంభమైన సీఐఐ-సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ భవనం మన నగరంలోనే ఉంది.

పాతబస్తీలోని దేవిడీలకూ (నిజాం కాలపు పెద్ద కుటుంబాల భవనాలకూ), తెలంగాణ పల్లెల్లోని భవంతి ఇళ్లకూ ప్రాణం నడిమి వాకిలి. 200 గజాల స్థలంలోనైనా ఎనిమిది అడుగుల చదరం వదలగలిగితే, చుట్టూ ఉన్న గదుల వేడిగాలి పైకి పోతుంది. ఒడియాలు ఎండబెట్టుకోవడానికి, బతుకమ్మ పేర్చుకోవడానికి చోటు దొరుకుతుంది. దయచేసి దాని మీద అద్దం గానీ ప్లాస్టిక్ రేకు గానీ కప్పకండి, వాకిలి కొలిమి అవుతుంది. ఇనుప జాలీ చాలు.

నేలకు తాండూరు బండలు, డాబాకు ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించండి. 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లోని ఇళ్లకు 2023 నాటి తెలంగాణ విధానం కూల్ రూఫ్‌ను తప్పనిసరి చేసింది.

ఏటా సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురిసే ఈ ఊళ్లో 1,000 చదరపు అడుగుల డాబా మీద దాదాపు 75,000 లీటర్ల నీరు పడుతుంది. అడుగున గట్టి రాయి తగిలితే ఇంకుడుగుంత నీటిని పీల్చదు. అలాంటి చోట వాననీటిని వడగట్టి ఈశాన్యపు సంపులోకి మళ్లించాలి, ఆ పైపుల దారిని స్లాబు పోయకముందే ప్లానులో గుర్తించాలి.