పాత ఫోర్ వీల్ డ్రైవ్‌లో ఇంజన్ పోతే: మెల్‌బోర్న్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్లకు

టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ వైపు దిగే మన కుటుంబాలు మొదటి ఏడాది ఏదో చిన్న కారుతో నెట్టుకొస్తాయి. రెండో ఏడాది పిల్లలు మంచు చూడాలంటారు. స్నేహితులు కొండల్లో క్యాంపింగ్‌కి పిలుస్తారు. అప్పుడు కళ్లు పాత టయోటా ప్రాడో మీదో, నిస్సాన్ పాట్రోల్ మీదో పడతాయి. ఇండియాలో ఫార్చ్యూనర్ ధర తెలిసినవాళ్లకి ఇక్కడ పదిహేనేళ్ల ప్రాడో ధర చూడగానే ఆశ పుడుతుంది. నాకూ అలాగే పుట్టింది. 2007 మోడల్ ప్రాడో, 1కేడీ అనే మూడు లీటర్ల డీజిల్ ఇంజన్, అప్పటికే 2,70,000 కిలోమీటర్లు తిరిగిన బండిని ఒక ఇంటి యజమాని దగ్గర కొన్నాను. ఏడాదిన్నరలో దాని ఇంజన్ రెండుసార్లు మార్చాల్సి వచ్చింది. రెండోసారి ఖర్చు పూర్తిగా తప్పించుకోగలిగేదే. మీకు అది తప్పాలనే ఇంత వివరంగా రాస్తున్నాను.

కొండల దగ్గరున్న మాన్స్‌ఫీల్డ్ ఊరి నుంచి తిరిగొస్తుంటే ఒక ఎత్తు ఎక్కేటప్పుడు ఆయిల్ ప్రెషర్ దీపం వెలిగి ఆరింది. ఇంటికి చేరాక చూద్దాంలే అనుకుని ఇంకో ఇరవై నిమిషాలు నడిపాను. ఇంజన్ లోపల నుంచి సుత్తితో కొట్టినట్టు చప్పుడు వచ్చి, పట్టేసింది. కాబట్టి మొదటి మాట ఇదే. ఆ ఎర్ర దీపం ఒక్క క్షణం వెలిగినా బండి పక్కకి తీసి ఇంజన్ ఆపేయండి. అక్కడ ఆపి ఉంటే బేరింగులతో పోయేది, నేను క్రాంక్‌షాఫ్ట్ దాకా తెచ్చుకున్నాను.

టో ట్రక్ విషయం కూడా కొత్తవాళ్లకి తెలియాలి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంది కదా అని ధైర్యంగా ఉంటాం. కానీ ఎంత దూరం ఉచితంగా లాగుతారన్నది మీరు తీసుకున్న ప్లాన్‌ని బట్టి ఉంటుంది, చౌక ప్లాన్‌లో అది చాలా తక్కువ. నాకు ఇంటికి రెండు వందల కిలోమీటర్ల దూరం. అడవి దారుల్లోకి ట్రక్ రాకపోవచ్చని కూడా ఆ కాగితంలో రాసే ఉంటుంది. కొండలకి బయల్దేరే ముందే ఆ రెండు పేరాలూ చదవండి. కాంప్రహెన్సివ్ ఇన్సూరెన్స్ ఉందని కూడా భరోసా పెట్టుకోకండి. అది ప్రమాదానికి, దొంగతనానికి పనికొస్తుంది కానీ ఇంజన్ అరిగి పోతే డబ్బు ఇవ్వదు.

డీలర్ దగ్గర కొంటే వారంటీ ఉంటుందని చాలామంది అనుకుంటారు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో చట్టం ప్రకారం వచ్చే వారంటీ పదేళ్ల లోపు వయసు, 1,60,000 కిలోమీటర్ల లోపు తిరుగుడు ఉన్న బండ్లకే. అది కూడా మూడు నెలలు లేదా 5,000 కిలోమీటర్లు. మనం కొనే పాత ఫోర్ వీల్ డ్రైవ్‌లు దాదాపు అన్నీ దీనికి బయటే ఉంటాయి.

ఆటోనగర్ లెక్క ఇక్కడ నడవదు

ఆ రాత్రి విజయవాడలో ఉన్న మా బావకి ఫోన్ చేశాను. "ఏముంది బావా, ఆటోనగర్‌లో అయితే దించి, బోరింగ్ చేసి, కొత్త రింగులు వేసి వారంలో ఇచ్చేస్తారు" అన్నాడు. నిజమే. అక్కడ పనివాడి కూలి తక్కువ, విడిభాగం ఖరీదు. అందుకే విప్పి బాగుచేస్తారు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. నేను వెళ్లిన షెడ్లలో గంటకి 150 నుంచి 180 డాలర్లు అడిగారు. ఇంజన్ విప్పి ఒక్కొక్క భాగం కొలుస్తూ కూర్చుంటే కూలే కొండంత అవుతుంది. అందుకే మామూలు మెకానిక్ ఇంజన్ విప్పడు. మొత్తం దించి ఇంకోటి ఎక్కిస్తాడు. విప్పి బాగుచేసే పని వేరే ఇంజన్ రీకండిషనర్లు చేస్తారు.

ఇంకో ఆలోచన కూడా వస్తుంది, మా బావే ఇచ్చాడు. 2009లో ఇండియాకి వచ్చిన ఫార్చ్యూనర్‌లోదీ ఇదే 1కేడీ ఇంజన్ కదా, ఒకటి ఓడలో వేసి పంపిస్తే? వద్దు. ఇంజన్ కుటుంబం ఒకటే అయినా బండిని బట్టి చుట్టూ ఉండే భాగాలు, కంప్యూటర్ మారతాయి. వాడిన ఇంజన్‌కి మట్టి అంటుకుని ఉంటే ఇక్కడి బయోసెక్యూరిటీ వాళ్లు ఆపేస్తారు. గ్యాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉంటే అసలు దేశంలోకే రానివ్వరు. 2003 చివరి నుంచి దాని మీద పూర్తి నిషేధం ఉంది.

ఇంజన్ ధర అడిగే ముందు, పాతది ఎందుకు పోయిందో అడగండి

నేను ఈ రాతలో గట్టిగా చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మొదటిసారి నేను అడగలేదు. షెడ్డు ఓనర్ "మోటర్ పోయింది మేట్, సెకండ్ హ్యాండ్‌ది వేసేద్దాం" అన్నాడు. 5,500 డాలర్లకి రెకర్స్ (తుక్కు బండ్లు విప్పి భాగాలు అమ్మేవాళ్లు) దగ్గర నుంచి ఒక ఇంజన్ తెచ్చి వేశాడు. కూలి 3,800. వారంలో బండి వచ్చింది, టెన్షన్ తీరిందనుకున్నాను. నాలుగు నెలలకి అదే చప్పుడు మళ్లీ మొదలైంది.

ఈ ఇంజన్‌లో రోగం అందరికీ తెలిసిందే. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల కింద ఉండే రాగి సీళ్లు లీకైతే మండిన గ్యాస్ పైకి తన్ని ఆయిల్‌లో మసి కలుస్తుంది. ఆ మసి తారులా గట్టిపడి కింద ఆయిల్ చాంబర్‌లో ఆయిల్ పీల్చే గొట్టం జల్లెడకి అడ్డుపడుతుంది. గుండెకి రక్తం అందనట్టు బేరింగులకి ఆయిల్ అందదు. నా బండిలో జరిగింది అదే. బేరింగులు అరిగినప్పుడు రాలిన లోహపు పొడి ఆయిల్‌తో పాటు ఆయిల్ కూలర్‌లోకి, టర్బోలోకి చేరింది. షెడ్డు వాళ్లు ఆ పాత కూలర్‌నీ, టర్బోనీ కడగకుండా తీసి కొత్త ఇంజన్‌కి బిగించారు. అంటే మంచి ఇంజన్‌కి చేతులారా విషం పట్టించినట్టు. రెండో షెడ్డులో పాత ఆయిల్ ఫిల్టర్‌ని కోసి చూపిస్తే మడతల్లో వెండి రజనులా మెరిసింది. ఆ దృశ్యం నేను మర్చిపోలేను.

అందుకని ముందు కొంత డబ్బు ఖర్చు పెట్టి రోగనిర్ణయం చేయించండి. ఆయిల్ చాంబర్ దించి జల్లెడ ఫొటో, ఫిల్టర్ కోసి ఫొటో, కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి కొలిచే పరీక్ష) అంకెలు, "ఫలానా కారణంగా పోయింది" అని రాతపూర్వకంగా ఒక వాక్యం. ఇవి ఇవ్వని షెడ్డుకి ఇంజన్ పని ఇవ్వకండి.

బండిని బట్టి కారణం మారుతుంది. 2006కి ముందు వచ్చిన, 1కేజెడ్ అనే పాత డీజిల్ ఇంజన్ ఉన్న ప్రాడోలో వేడెక్కి హెడ్ పగలడం మామూలు. పాట్రోల్ జీయూ అనే మోడల్‌లో 2000లో వచ్చిన మొదటి తరం జెడ్‌డీ30 డీజిల్‌కి పిస్టన్లు కరిగి పోవడం ఎంత మామూలంటే, ఇక్కడివాళ్లు దానికి గ్రెనేడ్ అని పేరు పెట్టారు. మీరు కొనబోయే బండిది ఏ ఇంజనో, అది ఎలా పోతుందో కొనే ముందే తెలుసుకుంటే బేరంలోనే ఆ ఖర్చు తగ్గించుకోవచ్చు.

ఏ ఇంజన్ వేయించాలి

మూడు దారులున్నాయి. రెకర్స్ దగ్గర వాడిన ఇంజన్. జపాన్ నుంచి వచ్చే వాడిన ఇంజన్. రీకండిషన్ చేసిన లాంగ్ మోటర్, అంటే బ్లాకు, హెడ్ కలిపి పూర్తిగా విప్పి కొత్త బేరింగులు, రింగులు, గ్యాస్కెట్లతో కట్టినది.

క్యాంప్‌బెల్‌ఫీల్డ్, డాండెనాంగ్, లావర్టన్ నార్త్ చుట్టుపక్కల తుక్కు బండ్ల యార్డులు చాలా ఉన్నాయి. వాడినది కొంటే అది ఏ బండిలోంచి తీశారో దాని విన్ నంబర్ (బండి గుర్తింపు నంబర్) అడగండి. పీపీఎస్‌ఆర్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ రిజిస్టర్‌లో ఆ నంబర్ కొట్టి రెండు డాలర్లు కడితే ఆ బండి దొంగ బండా, అప్పు ఉందా, ప్రమాదంలో ఇక పనికిరాదని రైటాఫ్ చేశారా అన్నది తెలుస్తుంది. వీలైతే ఇంజన్ ఇంకా బండిలో ఉండగానే స్టార్ట్ చేసి చూపించమనండి. ఆయిల్ మూత తీసి లోపల టార్చి వేసి చూడండి. నల్లటి గట్టి తారు కనిపిస్తే ఎంత తక్కువకిచ్చినా వద్దు.

రెండోసారి నేను రీకండిషన్ లాంగ్ మోటర్ తీసుకున్నాను, 9,800 అయింది. బండిని ఇంకో ఐదారేళ్లు ఉంచుకోవాలనుకుంటే నా సలహా ఇదే. రెండేళ్లలో అమ్మేసే ఉద్దేశం ఉంటే మాత్రం అంత పెట్టకండి. అప్పుడు వాడినది, కాకపోతే సరిగ్గా పరీక్షించినది చాలు.

రీకండిషన్ ధర వినేటప్పుడు నాలుగు సంగతులు అడగాలి. జీఎస్టీ పది శాతం కలిపారా లేదా? అది చేంజ్‌ఓవర్ ధరా, అంటే మీ పాత ఇంజన్ వాళ్లకి ఇచ్చేయాలా? ఆ పాత ఇంజన్ బ్లాకుకి చిల్లు పడి ఉంటే అదనంగా ఎంత? వారంటీలో విడిభాగం ఒక్కటేనా, దించి ఎక్కించే కూలి కూడానా? నా మొదటి ఇంజన్‌కి ఉన్నది "మూడు నెలలు, పార్ట్స్ మాత్రమే". నాలుగు నెలలకి అది పోయేసరికి గడువే దాటింది. దాటకపోయినా 3,800 డాలర్ల కూలి నా నెత్తినే పడేది.

ఇంకోటి. రీకండిషన్ వాళ్లు బ్లాకుకి, హెడ్‌కి హీట్ ట్యాబ్ అని చిన్న బిళ్ల అతికిస్తారు. ఇంజన్ హద్దు మీరి వేడెక్కితే దాని మధ్యలో ఉన్న లోహం కరిగిపోతుంది. కరిగిందంటే వారంటీ పోయినట్టే. రేడియేటర్, థర్మోస్టాట్ కొత్తవి వేసినట్టు బిల్లు చూపించకపోయినా చాలామంది వారంటీ ఒప్పుకోరు. పాత రేడియేటర్‌తో సర్దుకుందామనే పొదుపు ఇక్కడ చేయకండి.

ఇంజన్ బయట ఉన్నప్పుడే చేయించాల్సిన పనులు ఉంటాయి. టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, హోసులు, ఇంజన్ మౌంట్లు, వెనక ఆయిల్ సీలు, మాన్యువల్ అయితే క్లచ్. వీటి కూలి అప్పుడు దాదాపు ఉండదు. తర్వాత చేయిస్తే మళ్లీ అంతా విప్పాలి. ఆయిల్ కూలర్ కొత్తది వేయించండి, టర్బో విప్పి పరీక్ష చేయించండి, ఇంటర్‌కూలర్ కడిగించండి. ఇంజెక్టర్లు కొత్తవి వేస్తే ఒక్కొక్కదాని మీద ఉండే కోడ్‌ని బండి కంప్యూటర్‌లో ఎక్కించాలి. ఎక్కించారా అని నోరు తెరిచి అడగండి.

కాగితాలు

అదే రకం ఇంజన్ వేస్తే విక్టోరియాలో పెద్ద చిక్కు లేదు. కానీ ఇంజన్ నంబర్ మారింది కాబట్టి బండ్ల రిజిస్ట్రేషన్ చూసే విక్‌రోడ్స్‌కి తెలియజేయాలి. కొన్న రసీదు మీద ఆ నంబర్ రాయించుకుని దాచండి. ఇది వదిలేస్తే అమ్మేరోజు రోడ్‌వర్తీ సర్టిఫికెట్‌కీ (బండి రోడ్డు మీద తిరగడానికి భద్రమేనన్న కాగితం), పేరు మార్పుకీ తంటాలు పడతారు.

వేరే రకం ఇంజన్, ఉదాహరణకి పాట్రోల్‌లో పెద్ద పెట్రోల్ వీ8 వేద్దామని ఎవరైనా ఊరిస్తే ఆగండి. దానికి వాస్ ఇంజనీర్, అంటే మార్పులు చేసిన బండ్లని పరీక్షించి ఆమోదించే ఇంజనీర్, ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. బండి తయారైన నాటి కాలుష్య నియమాలకి కొత్త ఇంజన్ తగ్గకూడదు, బ్రేకులు కూడా దానికి తగ్గట్టు ఉండాలి. ముందు ఇంజనీర్‌తో మాట్లాడి, తర్వాతే ఇంజన్ కొనాలి. ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా చెప్పాలి, లేకపోతే ప్రమాదం జరిగిన రోజు క్లెయిమ్ ఆగిపోతుంది. సిడ్నీ, బ్రిస్బేన్, పెర్త్‌లలో ఉన్నవాళ్లు తమ రాష్ట్రం నియమాలు విడిగా చూసుకోండి. న్యూ సౌత్ వేల్స్‌లో, వెస్టర్న్ ఆస్ట్రేలియాలో మెకానిక్ షెడ్డుకి లైసెన్స్ ఉండాలి, నంబర్ అడిగి చూసుకోవచ్చు. విక్టోరియాలో అలాంటి లైసెన్స్ లేదు కాబట్టి మన జాగ్రత్తే మనకి.

పని చెడిపోతే ఊరుకోకండి. మనవాళ్లు చాలామంది వీసా భయంతోనో, ఇంగ్లీషు యాస మొహమాటంతోనో నోరు మూసుకుని ఇంకో షెడ్డుకి డబ్బు కడతారు. ఫిర్యాదు చేస్తే వీసాకి ఏమీ కాదు. వారంటీ కాగితంలో మూడు నెలలనే ఉన్నా, పని తగిన నైపుణ్యంతో చేయాలన్న హామీ ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం విడిగా ఇస్తుంది. నేను రెండో షెడ్డు ఇచ్చిన రిపోర్టు, ఫిల్టర్ ఫొటోలు జత చేసి మొదటి షెడ్డుకి మర్యాదగా ఈమెయిల్ రాశాను. జవాబు లేదు. కన్స్యూమర్ అఫైర్స్ విక్టోరియా వెబ్‌సైట్‌లో చెప్పినట్టు గడువు పెట్టి ఇంకో ఉత్తరం రాశాను, తర్వాత వీక్యాట్‌లో (ఇలాంటి తగాదాలు విచారించే రాష్ట్ర ట్రిబ్యునల్‌లో) దరఖాస్తు వేస్తానని అందులో చెప్పాను. విచారణ దాకా వెళ్లకుండానే కూలిలో సగం తిరిగి ఇచ్చారు. ఫొటోలు లేకపోతే అది కూడా వచ్చేది కాదు.

బండి చేతికొచ్చాక

రీకండిషన్ ఇంజన్‌కి మొదటి 1,000 కిలోమీటర్లు బాలింతని చూసుకున్నట్టు చూసుకోవాలి. ట్రైలర్ లాగకూడదు, హైవే మీద గంటల తరబడి ఒకే వేగంతో పోకూడదు, ఇంట్లో నిలబెట్టి ఊరికే ఆన్‌లో ఉంచకూడదు. రోజూ పొద్దున్నే ఆయిల్, కూలెంట్ మట్టం చూడండి. సొంతంగా ఆయిల్ మార్చుకునేవాళ్లు పాత ఆయిల్ డ్రెయిన్‌లో పోయకండి. చాలా కౌన్సిల్ ట్రాన్స్‌ఫర్ స్టేషన్లలో (చెత్త తీసుకునే చోట్లలో) తీసుకుంటారు.

మీది ప్రాడో 1కేడీ అయితే ఇంజెక్టర్ సీళ్లు, ఆ జల్లెడ ఎప్పటికప్పుడు చూపించుకుంటూ ఉండాలి, ఇంజన్ కొత్తదైనా సరే. జూన్ నుంచి అక్టోబర్ చివరిదాకా హై కంట్రీ అనే కొండ ప్రాంతంలో చాలా దారులు మూసేస్తారు. ఆ నెలల్లో ఈ పని పెట్టుకుంటే ప్రయాణాలు చెడవు.

నా బండికి 1,000 కిలోమీటర్ల దగ్గర ఆయిల్ మార్చినప్పుడు ఫిల్టర్ కోయమని నేనే అడిగాను. మెకానిక్ మడతలు విప్పి ఎండలో పట్టి చూపించాడు. నల్లగా ఉంది, మెరుపు ఎక్కడా లేదు. నవంబర్ మొదటి వారంలో పిల్లల్ని ఎక్కించుకుని మళ్లీ మాన్స్‌ఫీల్డ్ దారి పట్టాం.