40 వేలలో స్పీకర్లకెంత, ఆంప్‌కెంత?

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా సౌండ్ సిస్టమ్ కొనడానికి పోతే షాపాయన మొదట చెప్పేది వాట్లే. అట్టపెట్టె మీద వేలల్లో పీఎంపీఓ వాట్లు (క్షణకాలపు గరిష్ఠ లెక్క) అచ్చేసి ఉంటాయి. ఆ అంకెతో పని లేదు. సెట్‌ను వెనక్కి తిప్పి, ఎంత కరెంటు తీసుకుంటుందో రాసిన చీటీ చూడండి. 80 వాట్లు తీసుకునే సెట్టు 5,000 వాట్లు ఎక్కణ్ణుంచి తెచ్చిస్తుంది? అడగాల్సింది ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండా ఇవ్వగలిగే అసలు బలం: ఒక్కో చానల్‌కు (ఒక్కో స్పీకరుకు) ఎన్ని, ఎన్ని ఓమ్‌ల (స్పీకరు కరెంటుకు పెట్టే అడ్డు) దగ్గర అని.

చేతిలో 40,000 ఉన్నాయనుకుందాం. ముందుగా 4,000 పక్కన పెట్టేయండి. వైరు, స్టాండ్లు, గోడలకు వేసే గుడ్డ, మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు అందులోంచే రావాలి. చాలామంది ఈ నాలుగు వేలు కూడా స్పీకర్లలోనే పోసి, వాటిని టీవీ బల్ల మీద టీవీకి ఆనించి పెట్టి, సౌండ్ బాగా లేదంటారు. మిగిలిన 36,000లో స్పీకర్ల జతకు 22,000 నుంచి 24,000, ఆంప్‌కు (స్పీకర్లను నడిపే ఆంప్లిఫయర్) 10,000 నుంచి 12,000, పాట వచ్చే పరికరానికి ఒక రెండు వేలు. ఫోనో, టీవీయో ఇంట్లో ఎలాగూ ఉంటుంది కాబట్టి ఆ రెండు వేలు బ్లూటూత్ రిసీవర్‌కో చిన్న డాక్‌కో (డిజిటల్ పాటను ఆంప్‌కు సరిపడేలా మార్చే డబ్బా) సరిపోతాయి.

స్పీకర్లకే సగానికి పైగా ఎందుకంటే, తేడా వినిపించేది అక్కడే. రెండు మంచి ఆంప్‌లను ఒకే వాల్యూమ్‌లో పెడితే ఏది ఏదో చెప్పడం కష్టం. రెండు స్పీకర్లను పక్కపక్కన పెడితే ఇంట్లో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. పైగా రబ్బరు అంచు ఉన్న స్పీకరు పదిహేనేళ్లు సులువుగా వస్తుంది. ఈలోగా ఫోన్లు, బ్లూటూత్ రకాలు ఎన్నో మారిపోతాయి.

ఆంప్ ఎంత పెద్దది కావాలో స్పీకరే చెబుతుంది, అందుకే స్పీకరు ముందు ఖాయం చేసుకోవాలి. దాని కాగితంలో సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది: ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ (శబ్దం గట్టితనపు కొలత) వస్తాయో. 86 ఉన్న జతను తీసుకోండి. మామూలు హాల్లో పది అడుగుల దూరంలో కూర్చుంటే, గోడల నుంచి తిరిగొచ్చేది, రెండో స్పీకరు ఇచ్చేది కలుపుకున్నా 80 చిల్లర మాత్రమే చెవికి చేరుతుంది. పాట వినడానికి అది చాలినంత గట్టిదే. కానీ డప్పు దెబ్బ పడ్డప్పుడు ఆ క్షణానికి ఇంకో 15 డెసిబెల్స్ కావాలి. ప్రతి 3 డెసిబెల్స్‌కు వాట్లు రెట్టింపవుతాయి కాబట్టి, ఆ ఒక వాటు ఐదుసార్లు రెట్టింపై 15కు 32 వాట్లు. అంటే 40 లేదా 50 ఆర్‌ఎంఎస్ ఉన్న ఆంప్ సరిపోతుంది. అదే స్పీకరు 90 అయితే 13 వాట్లతోనే పని అయిపోతుంది, ఆంప్‌లో మిగిలిన డబ్బు స్పీకరు వైపు తిప్పుకోవచ్చు. 83, 84 ఉన్న చిన్న స్పీకర్లకు మాత్రం ఆంప్ పెద్దదే పడుతుంది. స్పీకరు 4 ఓమ్‌లదైతే, ఆంప్ వెనక 4 ఓమ్‌లు నడుస్తుందని రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే ఎండాకాలంలో వేడెక్కి మధ్యలోనే ఆగిపోతుంది.

చిన్న ఆంప్‌ను ఫుల్‌గా తిప్పడం పెద్ద ఆంప్ కంటే ప్రమాదం. ఆంప్ మోయలేని చోట పాట అలల తలలు కోసుకుపోతాయి, ఆ కోతల్లోంచి పుట్టే సన్న ధ్వని అంతా ట్వీటర్ (సన్న ధ్వనులు పలికే చిన్న స్పీకరు) మీద పడి దాని కాయిల్ కాలుతుంది. పెళ్లిళ్లలో, బతుకమ్మకు ఇంటి సెట్టును బయట పెడితే జరిగేది ఇదే.

ఇక గది. మన ఇళ్లలో పైన స్లాబు, కింద షాబాదు బండలో టైల్సో, గోడలకు నున్నటి పెయింటు. హాలు మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టండి. టర్ర్‌మని తోక వినిపిస్తే, 22,000 స్పీకరు కూడా అక్కడ మాటలు తేటగా పలకదు. దీనికి పాలమూరు గొంగడి కంటే మంచి మందు ఈ ధరలో దొరకడం కష్టం. గట్టి ఉన్ని, బరువు, గోడకు వేలాడదీస్తే చూడ్డానికీ బాగుంటుంది. ఎక్కడ కట్టాలో తేల్చడానికి మీరు కూర్చునే చోట కూర్చోండి, ఇంకొకరిని పక్క గోడ వెంబడి అద్దం జరుపుతూ పొమ్మనండి. అద్దంలో ట్వీటర్ కనిపించిన చోటే గొంగడి పడాలి. గోడకు అంటించకుండా మూడు నాలుగు అంగుళాల సందు వదిలితే ఇంకా బాగా పీలుస్తుంది. కింద స్పీకర్లకూ మీకూ మధ్య జంపఖానా పరవండి. బేస్ మోత మాత్రం గుడ్డలతో తగ్గదు. దానికి స్పీకర్లను గోడకు అడుగున్నర ముందుకు జరపాలి, సోఫాను వెనక గోడ నుంచి ఎడంగా తేవాలి.

స్టాండ్లు కొనక్కర్లేదు. చదరపు ఇనుప పైపును 24 అంగుళాలకు కోయించి వెల్డింగ్ షాపులో అడుగు, తల పలకలు పెట్టించండి. పైపులో ఎండిన ఇసుక నింపితే గణగణమనదు. గ్రానైటు షాపుల్లో మిగిలిన ముక్క అడుగుకు వాడితే కదలదు. సోఫాలో కూర్చుంటే చెవి దాదాపు మూడడుగుల ఎత్తులో ఉంటుంది, ట్వీటరు అదే ఎత్తుకు రావాలి.

వైరుకు ఐదొందలు దాటొద్దు. ఒక్కో వైపు ఐదు మీటర్ల లోపైతే 1.5 చదరపు మి.మీ. రాగి వైరు చాలు. అంతకంటే దూరమైనా, 4 ఓమ్ స్పీకరైనా 2.5 తీసుకోండి. ప్లస్సు, మైనస్సు ఒక స్పీకరుకు తారుమారైతే బేస్ పల్చబడి గొంతు ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియకుండా పోతుంది. అనుమానం ఉంటే ఆంప్ నుంచి వైరు తీసి, గోడగడియారం సెల్లును ఒక్క క్షణం తగిలించండి. ప్లస్సుకు ప్లస్సు తగిలితే కోను (స్పీకరు ముందు కదిలే పొర) ముందుకు రావాలి.

లెక్క మారే సందర్భాలు కొన్ని. ఆంప్ లోపలే ఉండే యాక్టివ్ స్పీకర్లు కొంటే 80 శాతం వాటికే పోతుంది, 15,000 లోపు బడ్జెట్‌కు అదే మేలు. గ్రామఫోన్ రికార్డులు వినేవాళ్లు టర్న్‌టేబుల్, సూదికి పావు వంతైనా తీయాలి. 40 వేలలో 5.1 (ఐదు స్పీకర్లు, ఒక బేస్ డబ్బా) పెట్టుకోవాలంటే మా మాట వద్దనే: ఆరు డబ్బాలకు పంచితే ఒక్కదానికీ ఏమీ మిగలదు. ముందు జత కొని, తర్వాత సబ్‌వూఫర్ అనే బేస్ డబ్బా, ఆ తర్వాత అదే సిరీస్‌లో సెంటర్ స్పీకరు, చివరికి వెనకవి. ఇలా పెంచుకునే ఆలోచన ఉంటే ఆంప్ బదులు మొదటే ఏవీ రిసీవర్ (ఇన్ని స్పీకర్లనూ నడిపే ఆంప్) తీసుకోవాలి.

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోనో ఇంకెక్కడైనానో పాతవి కొంటే మల్టీమీటర్ వెంట తీసుకుపోండి. 8 ఓమ్ స్పీకరు 5.5 నుంచి 7 దాకా చూపాలి, అసలు చూపకపోతే లోపల తెగింది. రెండు బొటనవేళ్లతో కోనును మెల్లగా నొక్కితే గీసుకున్న చప్పుడు రాకూడదు. ఫోము అంచు వేలికి పొడిగా రాలితే, మార్చే ఖర్చు ధరలోంచి తీసి మాట్లాడండి.

అంతా బిగించాక పాట లేకున్నా గుయ్యిమంటే ముందు కేబుల్ టీవీ వైరు పీకి చూడండి. ఆగిపోతే ఆ వైరు ఎర్త్‌కూ ఇంటి ఎర్త్‌కూ పడటం లేదన్నమాట, టీవీ నుంచి ఆంప్‌కు ఆప్టికల్ వైరు వేస్తే సమస్య తీరుతుంది. కరెంటు పోయి ఇన్వర్టరు మీదికి మారినప్పుడే మోత వస్తుంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు. ఆంప్‌ను ఆ లైను నుంచి తప్పించండి, లేదా ఇన్వర్టరు మార్చేటప్పుడు సైన్ వేవ్‌ది తెచ్చుకోండి.