అమెరికా కళాశాలకు డిపాజిట్ కట్టే ముందు చూడవలసిన లెక్కలు

అమెరికాలో జననాలు 2007లో సుమారు 43 లక్షలకు చేరి, మరుసటి ఏటి మాంద్యం నుంచి తగ్గుముఖం పట్టాయి. ఆ తగ్గుదల ఇప్పుడు కళాశాలల గుమ్మం దాకా వచ్చింది. స్వదేశీ విద్యార్థుల ఫీజుల మీదే నడిచే చిన్న ప్రైవేటు కళాశాలలు ఆ లోటును విదేశీ విద్యార్థులతో, ముఖ్యంగా మాస్టర్స్ కోర్సులతో, పూడ్చుకోవాలని చూస్తున్నాయి. 2023-24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు; మన తెలుగు ఇళ్ల నుంచి వెళ్లినవారు అందులో చాలామందే.

ముందుగా కన్సల్టెన్సీ వారిని కళాశాల నుంచి కమీషన్ వస్తుందా అని సూటిగా అడగండి. స్వదేశీ విద్యార్థులను చేర్పించినందుకు తలకింత అని చెల్లించడాన్ని నిషేధించిన అమెరికా చట్టమే, విదేశాల్లో ఉండే విదేశీ విద్యార్థుల విషయంలో మినహాయింపు ఇచ్చింది. కమీషన్ తీసుకోవడం నేరం కాదు గానీ, ఆ సలహాకు ఎంత విలువ ఇవ్వాలో మీకు తెలియాలి.

తర్వాత కళాశాల వెబ్‌సైటులో ‘కామన్ డేటా సెట్’ (కళాశాలలు తమ విద్యార్థుల లెక్కలను ఒకే నమూనాలో ప్రచురించే పత్రం) వెతకండి. ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన పని. అందులో డిగ్రీ (అండర్‌గ్రాడ్యుయేట్) విద్యార్థుల లెక్క ఇచ్చే బీ2 పట్టిక మొదటి వరుసలో విదేశీ విద్యార్థుల సంఖ్య, చివరి వరుసలో మొత్తం ఉంటాయి. మొత్తంలోంచి మొదటిది తీసివేస్తే మిగిలేది స్వదేశీ విద్యార్థులే. ఐదేళ్ల పట్టికలు పక్కపక్కన పెట్టుకుని ఆ తీసివేత చేయండి. మీరు చేరేది మాస్టర్స్‌లోనే అయినా డిగ్రీ విద్యార్థుల లెక్క చూడాలి, ఎందుకంటే హాస్టళ్లు, భోజనశాలలు, అధ్యాపకుల జీతాలు చాలావరకు వారి ఫీజుల మీదే నిలబడతాయి. విదేశీయులు పెరగడం తప్పు కాదు. స్వదేశీయులు ఏటేటా తగ్గుతుంటే మాత్రం ఆగి ఆలోచించండి.

ప్రైవేటు కళాశాల అయితే, దాని ఆర్థిక స్థితికి అమెరికా విద్యాశాఖ ఇచ్చే స్కోరు 1.5 కన్నా తక్కువుందేమో చూడండి; తక్కువుంటే అది హెచ్చరికే. మూసివేత ఎంత హఠాత్తుగా రావచ్చో చెప్పే ఉదాహరణ ఒకటి ఉంది. ఫిలడెల్ఫియాలోని యూనివర్సిటీ ఆఫ్ ది ఆర్ట్స్ 2024 మే 31న మూసివేత ప్రకటించి జూన్ 7న మూతపడింది. విద్యార్థులకు మిగిలింది ఒక్క వారం. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవారికి ఇలాంటప్పుడు చదువుతోపాటు వీసా కూడా చిక్కులో పడుతుంది, వారి సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) రికార్డును మరో కళాశాలకు మార్చుకోవలసి వస్తుంది.

అందుకే డిపాజిట్ పంపే ముందు అడ్మిషన్ల కార్యాలయానికి ఈమెయిల్ రాసి, కోర్సు ఆగిపోతే ఏ కళాశాలలో చదువు పూర్తి చేయిస్తారో, వీసా రాకపోతే డిపాజిట్‌లో ఎంత, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో రాతపూర్వకంగా తెప్పించుకుని, ఆ జవాబును ఐ-20తో (వీసా కోసం కళాశాల ఇచ్చే పత్రంతో) కలిపి దాచుకోండి.