కొత్త క్లాసులో మొదటి పది నిమిషాలు గట్టెక్కడం ఎలా

జూన్ 12న బడులు తెరుస్తారనగా రెండు రోజుల ముందు నుంచే నాకు ఫోన్లు మొదలవుతాయి. బీఈడీ పూర్తిచేసి కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు. "మేడమ్, అంతమంది ముందు గొంతు పెగలకపోతే ఎలా?" అని అడుగుతారు. పందొమ్మిదేళ్లుగా మలక్‌పేట, సైదాబాద్ వైపు బడుల్లో లెక్కలు చెబుతున్నాను. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నా.

నా మొదటి రోజు ఎనిమిదో తరగతి. 45 నిమిషాల పీరియడ్ కోసం రాత్రి చాలాసేపు కూర్చుని పాఠం రాసుకున్నాను. 15 నిమిషాల్లో అయిపోయింది. టెన్షన్‌లో మాట పరుగెత్తుతుందని నాకు తెలియదు, ఎవరూ చెప్పనూ లేదు. మిగిలిన అరగంట బోర్డు తుడిచిందే తుడిచాను. అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను: మొదటి పది నిమిషాలు నా నోటికి తక్కువ పని, చేతికి ఎక్కువ పని, పిల్లల నోటికి అన్నిటికంటే ఎక్కువ పని.

ముందు రోజు సాయంత్రం ఒక్కసారి ఆ గదిలోకి వెళ్లి రండి. బోర్డు మీద ఒక లైను రాసి, చివరి బెంచీలో కూర్చుని చూడండి. అక్షరం ఎంత పెద్దగా రాయాలో అక్కడే తెలుస్తుంది. ఫ్యాన్ వేసి వినండి. పాత ఫ్యాన్ల చప్పుడుకు సగం మాట వెనక్కి చేరదు. కొత్త చాక్‌పీస్ పొడవుగా పట్టుకుంటే కీచుమంటుంది, చేయి వణికితే పుటుక్కున విరుగుతుంది. ముందే రెండు ముక్కలు చేసి, పొట్టి ముక్కను కొసకు దగ్గరగా పట్టుకోండి. కీచు తగ్గుతుంది, వణుకూ అక్షరంలో కనపడదు.

పొద్దున ఎప్పటికంటే ఒక బస్సు ముందు ఎక్కండి. జూన్‌లో వాన గట్టిగా పడిందంటే మలక్‌పేట రైలు బ్రిడ్జి కింద నీళ్లు నిలుస్తాయి, ఇక ట్రాఫిక్ కదలదు. ఉరుకులతో క్లాసులోకి వెళ్తే ఆయాసమే భయంలా అనిపిస్తుంది. గుమ్మం బయట ఆగి, నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఎనిమిది లెక్కపెడుతూ వదలండి. అలా అయిదుసార్లు చేయండి. ఊపిరి నిదానంగా వదిలితే గుండె వేగం తగ్గుతుంది. నీళ్ల బాటిల్ టేబుల్ మీద ఎదురుగా పెట్టుకోండి, బ్యాగులో కాదు.

మొదటి రెండు వాక్యాలు మాత్రం బట్టీపట్టండి. మీ పేరు, మీరు చెప్పే సబ్జెక్టు, అంతే. చివరి బెంచీ వైపు చూసి చెప్పండి. గొంతు దానంతటదే అక్కడిదాకా వెళ్తుంది.

ఇక అసలు పని. నేనైతే హాజరు పిలుస్తూనే ఒక ప్రశ్న అడుగుతాను: "ఇంటి నుంచి బడికి ఎన్ని నిమిషాలు?" ప్రతి ఒక్కరూ పేరు చెప్పి నిమిషాలు చెబుతారు, నేను బోర్డు మీద వేస్తాను. మన హైదరాబాద్ క్లాసుల్లో 'మహమ్మద్' అని పిలిస్తే నలుగురు, 'సాయి' అంటే ముగ్గురు లేస్తారు. అందుకే "ఇంట్లో నిన్ను ఏమని పిలుస్తారు?" అని కూడా అడిగి రిజిస్టర్ పక్కన పెన్సిల్‌తో రాసుకుంటాను. ఆ పేరుతో పిలిస్తే ముఖం వెలుగుతుంది.

ఒకసారి ముందు బెంచీ అయిదుగురు 5, 8, 10, 12, 40 అన్నారు. ఆ నలభై చాంద్రాయణగుట్ట నుంచి ఆటోలో వచ్చే అమ్మాయిది. కూడితే 75, సగటు 15. వెంటనే ఒకబ్బాయి లేచి, "టీచర్, మాలో ఎవ్వరికీ పదిహేను నిమిషాలు పట్టదు కదా!" అన్నాడు. నిజమే. నలుగురు సగటు కంటే తక్కువే. వరసలో నడిమి సంఖ్య 10, అదే మధ్యగతం. ఆ నలభై ఒక్కటే సగటును పైకి లాగేసిందని వాళ్లే తేల్చారు. నేను చెప్పాల్సిన పాఠం వాళ్లు చెప్పేశారు, ఆ హడావిడిలో నా చేతుల వణుకు ఎప్పుడు పోయిందో గమనించలేదు. మీది తెలుగైనా, సైన్సైనా ఇలాంటి ప్రశ్న ఒకటి దొరుకుతుంది. ప్రతి పిల్లా జవాబు చెప్పగలిగేదీ, ఎవరి జవాబూ తప్పు కానిదీ వెతుక్కోండి.

వెనక ఎవరో మాట్లాడుతూనే ఉంటారు. మొదటి రోజే అరవకండి. పాఠం ఆపకుండా నడుచుకుంటూ వెళ్లి ఆ బెంచీ పక్కన నిలబడండి, చాలు. తెలియని ప్రశ్న వస్తే, "రేపు చూసి చెప్తా" అని బోర్డు మూల రాసి, మర్నాడు తప్పకుండా చెప్పండి. పిల్లలు మర్చిపోరు.

గంట కొట్టాక స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని గుర్తున్న అయిదు పేర్లు, వాళ్లు ఏ బెంచీలో కూర్చున్నారో రాసుకోండి. రెండో రోజు లోపలికి అడుగు పెడుతూనే అందులో ఒకరిని ఇంటి పిలుపుతోనే పిలిచి, "ఇవాళ మీ ఆటో తొందరగా వచ్చిందా?" అని అడగండి.