ఫోర్క్‌లిఫ్ట్ పోటీ పెట్టే ముందు చూసుకోవాల్సినవి

మార్చి 4 నుంచి 10 వరకు జాతీయ భద్రతా వారోత్సవాలు. చాలా ఫ్యాక్టరీలు, గోదాములు ఆ వారంలోనే ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటర్లకు పోటీలు పెడతాయి. ఏడాదంతా నిదానంగా బండి నడిపే మనిషి కూడా పక్కన ఎవరో స్టాప్‌వాచ్ నొక్కేసరికి ఇంకోలా నడుపుతాడు. కాబట్టి జాగ్రత్త మార్కుల దగ్గరే మొదలవ్వాలి. కోన్ తగిలితే ఐదు సెకన్లు కలపండి. లోడు పడినా, సీట్ బెల్ట్ పెట్టుకోకపోయినా ఆ రౌండ్ రద్దు చేయండి. ఈ రూల్సు పోటీ రోజు కాదు, ముందు రోజే చెప్పాలి.

లోడుతో ఉన్న బండే పడిపోతుందని అందరూ అనుకుంటారు. వేగంగా మలుపు తిప్పితే పక్కకు ఒరిగే ప్రమాదం ఖాళీ బండికే ఎక్కువ. ముందు చక్రాలు రెండు, వెనక యాక్సిల్ మధ్యలోని పివట్ (యాక్సిల్ ఊగే కీలు) కలిపితే ఒక త్రికోణం అవుతుంది. బరువు కేంద్రం అందులో ఉన్నంతసేపే బండి నిలబడుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు కౌంటర్‌వెయిట్ (బండి వెనక ఉండే బరువు దిమ్మ) ఆ కేంద్రాన్ని వెనక్కి, అంటే త్రికోణం సన్నబడే వైపు లాగుతుంది. అందుకే కోన్ల మధ్య వంకర్లు తిరిగే రౌండును టైముతో పెట్టకండి, తప్పులు మాత్రమే లెక్కించండి. ఫోర్కులు (లోడును ఎత్తే ముందు పళ్లు) నేలకు 15–20 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉండాలి, మాస్ట్ (ఫోర్కులు పైకీ కిందకీ కదిలే నిలువు చట్రం) కొంచెం వెనక్కి వాల్చాలి. స్టీరింగ్‌కు తిరిగేది వెనక చక్రాలు కాబట్టి మలుపులో తోక బయటికి కొడుతుంది. ఆపరేటర్ ముందు కోన్ చూస్తుంటే కౌంటర్‌వెయిట్ మూల వెనక కోన్‌ను పడగొడుతుంది. అక్కడ కోన్ బదులు మనిషి ఉంటే?

లోడుకు ఇసుక బస్తాలు మంచివి. 50 కిలోలవి పది పేర్చి స్ట్రెచ్ ఫిల్మ్ చుట్టండి. సగం నింపిన నీళ్ల డ్రమ్ములు మాత్రం వద్దు, బ్రేక్ వేయగానే నీళ్లు ఊగి లోడును లాగేస్తాయి. 1200×1000 ప్యాలెట్‌ (లోడు పేర్చే పలక) లోకి ఫోర్కులు 1000 మిల్లీమీటర్ల లోతున దూరితే లోడ్ సెంటర్, అంటే ఫోర్కు మడత నుంచి లోడు బరువు కేంద్రం దాకా దూరం, 500. పొడవు వెంబడి, అంటే 1200 లోతున దూరితే 600 అవుతుంది, ఎత్తగల బరువు తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో బండి మీది కెపాసిటీ ప్లేట్‌లోనే చూడాలి.

పొద్దున బండి తీయగానే కింద నూనె మరక ఉందేమో చూడండి. ఫోర్కు మడత దగ్గర మందం కొలవండి. 40 మిల్లీమీటర్లు ఉండాల్సింది 36కి అరిగిందంటే ఆ ఫోర్కు పనికిరాదు. ఫోర్కు లాక్ పిన్నులు, టైర్లు, హారన్, బ్రేక్ చూశాక మాస్ట్‌ను ఖాళీగా రెండుసార్లు పైదాకా లేపి దించండి.

చూసేవాళ్లను కనీసం పేర్చే ఎత్తుకు రెండింతల దూరంలో బారికేడ్ వెనక నిలబెట్టండి. ఫోర్కుల మీద నిలబడి ఫొటోలు దిగడం, బహుమతి ఇచ్చే పెద్దమనిషిని ప్యాలెట్ మీద లేపడం ఎవరు అడిగినా ఒప్పుకోవద్దు. నైట్ షిఫ్టు దిగినవాళ్లను అదే రోజు పోటీలో దించొద్దు. ఎండ ముదరకముందే ముగించండి.

ఆపరేటర్లందరితో ఒకసారి నోటితో చెప్పించాల్సింది ఇదీ: బండి ఒరుగుతుంటే దూకకూడదు. దూకినవాడి మీదే పైకప్పు గార్డు పడుతుంది. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, కాళ్లు తన్నిపట్టి, బండి పడే వైపుకు వ్యతిరేక దిశలో వాలాలి. బెల్ట్ ఉంటేనే ఇది సాధ్యం.

రౌండ్ అయ్యాక ఫోర్కులు నేలకు ఆన్చి, న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ వేసి తాళం జడ్జికి ఇవ్వాలి. తర్వాతివాడు తాళం ఆయన దగ్గరే తీసుకోవాలి.