పాత ఫొటోలో ఉన్న ఇల్లు, కుటుంబం ఎవరివో కనిపెట్టడం ఎలా?

పేర్లు రాయని పాత గ్రూప్ ఫొటో చేతికొస్తే అందరం ముందు ముఖాలే చూస్తాం. "ఆ ముక్కు చూడు, అచ్చం మా తాతదే" అని ఒకరంటే, "కాదు, మా పెదనాయన పోలిక" అని ఇంకొకరంటారు. నా సలహా ఏంటంటే, ముందు ఇంటిని పట్టుకోండి. ముఖాల్లో పోలిక మనకు కావాల్సినట్టే కనబడుతుంది. ఇంటికి మాత్రం నాలుగు హద్దులుంటాయి, పక్కింటివాళ్లుంటారు, పన్ను కట్టిన లెక్క ఉంటుంది. ఇల్లు దొరికితే అందులో ఎవరున్నారో తెలుసుకోవడం చాలావరకు తేలికవుతుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పాత పెంకుటిళ్లు, మిద్దెలు ఏటా నేలమట్టం అవుతున్నాయి. వాటిని చూసి గుర్తుపట్టగలిగే పెద్దవాళ్లూ తగ్గిపోతున్నారు. ఫొటో ఉంటే ఈ పండక్కే పని మొదలుపెట్టండి.

మొదట కాపీ తీసుకోండి

ఫొటోను రెండు వైపులా స్కాన్ చేయించండి. పోస్టుకార్డు సైజుకు 600 డీపీఐ సరిపోతుంది. అంతకన్నా చిన్నదైతే 1200 పెట్టమనండి. ఫ్రేములో అద్దానికి ఫొటో అతుక్కుపోయి ఉంటే లాగొద్దు, అద్దంతో సహానే ఫొటో తీసుకోండి. అసలుదాన్ని లామినేషన్ చేయించకండి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ముఖాలను స్పష్టంగా చేసి చూపించే యాప్‌లను గుర్తుపట్టే పనికి వాడకండి. మసకగా ఉన్నచోట అవి తమంతట తామే కళ్లు, ముక్కు గీసేస్తాయి. అలా తయారైన ముఖాన్ని చూసి ఊళ్లో ఎవరైనా ఒక పేరు చెబితే ఆ పేరుకు విలువ లేదు.

వెనకవైపు, అంచులు, తిరగేసిన ముద్రణ

వెనక స్టూడియో ముద్ర ఉందేమో చూడండి. అడ్రసులో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే ఆ ముద్ర 1972 ఆగస్టు 15 తర్వాతిది, ఎందుకంటే పిన్‌కోడ్ ఆ రోజే మొదలైంది. ఫోన్ నంబరు రెండు మూడు అంకెలే ఉంటే బాగా పాతదనుకోవచ్చు. ఫొటోలో కారో స్కూటరో ఉండి, నంబరు ఏపీ 26 అనో ఏపీ 27 అనో మొదలైతే అది 1989 జూలై తర్వాత తీసింది. మొదటిది నెల్లూరుది, రెండోది ప్రకాశానిది.

చిన్న చదరపు ప్రింట్లు చాలావరకు 120 ఫిల్మ్ వేసే బాక్స్ కెమెరాలవి. ఇలాంటివి ఎక్కువగా ఇంటి దగ్గరే తీసుకునేవారు కాబట్టి వెనక కనబడే ఇల్లు నిజమైనదే అయ్యే అవకాశం ఎక్కువ. మందపాటి అట్టకు అంటించిన స్టూడియో ఫొటోలతో మాత్రం జాగ్రత్త. స్తంభాలు, మెట్లు, తోట అన్నీ పరదా మీద వేసిన బొమ్మలు కావచ్చు. నేల మడత, పరదా అంచు గమనిస్తే తెలిసిపోతుంది. కోటు, కుర్చీ, చేతి గడియారం కూడా స్టూడియోవాళ్లవే కావచ్చు కాబట్టి వాటిని చూసి ఆస్తిపాస్తులు అంచనా కట్టొద్దు.

ప్రింటు తిరగబడి ఉందేమో కూడా ఇక్కడే తేల్చుకోవాలి. మగవాళ్ల చొక్కా జేబు ఎడమ రొమ్ము మీద ఉండాలి. కుడివైపు కనబడితే నెగెటివ్ తిరగేసి ముద్రించారన్నమాట, అంటే ఇల్లు కూడా కుడి ఎడమలు మారి కనబడుతోంది. పైట చూసి మాత్రం తేల్చకండి, పాత తరంలో కుడి పైట వేసుకునే పెద్దామెలు ఉండేవారు.

ఇంటిని చదవండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. స్కాన్‌ను పెద్దది చేసుకుని పైకప్పు నుంచి గడప దాకా చూస్తూ రాసుకోండి. కప్పు తాటాకా, గూనపెంకా, మంగళూరు పెంకా, మిద్దెనా? మంగళూరు పెంకు ఫ్యాక్టరీలో తయారీ 1860ల్లో మొదలైంది, కాబట్టి అది కనబడితే ఆ కప్పు దానికి ముందుది కాదు, ఇల్లు మాత్రం అంతకన్నా పాతదై తర్వాత కప్పు మార్చి ఉండొచ్చు. ఆ ఇల్లు ఇంకా నిలిచి ఉంటే ఒక పెంకు తిరగేసి చూడండి, అడుగున తయారుచేసిన కంపెనీ పేరు అచ్చు వేసి ఉంటుంది. మిద్దెలకైతే పిట్టగోడ మధ్యలో సున్నంతో దిద్దిన సంవత్సరమో ఇంటి పేరో ఉండొచ్చు. మార్కాపురం, గిద్దలూరు వైపు రాతి గోడలు, బండల వాడకం ఎక్కువ. సముద్రం వైపు ఊళ్లలో తాటాకు, పెంకు ఎక్కువ. దీంతో ఊరు తేలదు గానీ ఏ వైపు వెతకాలో తెలుస్తుంది.

తర్వాత అరుగు చూడండి. ఎన్ని మెట్లు, అరుగు రెండు వైపులా ఉందా ఒకవైపేనా, ఎన్ని స్తంభాలు, వాటి మధ్య ఎన్ని ఖాళీలు అన్నవి లెక్కపెట్టుకోండి. ద్వారబంధం మీద చెక్కడం ఉంటే దాన్ని విడిగా ప్రింటు తీసుకోండి. ఆ చుట్టుపక్కల పాత వడ్రంగి కుటుంబాలు పని తీరు చూసి ఎవరి చేతిదో చెప్పగలిగిన సందర్భాలుంటాయి. కరెంటు తీగ, పక్కింటి గోడ, బావి గిలక, దూరంగా గాలిగోపురం కొస లాంటి అంచుల్లో ఉన్నవి వదలకండి. ఫొటో తీసినవాడు పట్టించుకోని వస్తువులే ఊరిని పట్టిస్తాయి.

ఇల్లు ఏ ముఖమో నీడలు చెబుతాయి. ఎండ మనుషుల ముఖాల మీద పడి నీడలు పొడుగ్గా ఇంటివైపు పోతుంటే, పొద్దున తీసినదైతే ఇల్లు తూర్పు ముఖం, సాయంత్రమైతే పడమర ముఖం. పొట్టి నీడలను నమ్మకండి. నెల్లూరు దగ్గర ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు మధ్య దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికి జరిగి ఉంటాడు, దాంతో లెక్క తప్పుతుంది.

కాగితాలు ఏ ఆఫీసులో ఉన్నాయి?

ఈ రెండు జిల్లాల్లో వెతికేవాళ్లను ఎక్కువగా తిప్పలు పెట్టేది జిల్లా హద్దులే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. తర్వాత 1970 దాకా గుంటూరులో ఉంది. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా పుట్టినప్పుడు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు నుంచి వచ్చాయి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చాయి. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022లో కందుకూరు మళ్లీ నెల్లూరులో కలిసింది. అప్పుడే చీరాల, అద్దంకి బాపట్లకు, గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు వెళ్లాయి. ఆ తర్వాత కూడా హద్దులు మారాయి. కాబట్టి "ఇప్పుడు ఏ జిల్లా" అని కాకుండా, ఫొటో తీసిన కాలంలో ఆ ఊరు ఏ తాలూకాలో, ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు కింద ఉండేదో అడగండి.

పొలానికైతే సర్వే నంబరు పట్టుకుని అడంగల్ (పొలాల సాగు వివరాల రికార్డు) చూస్తాం. ఊళ్లో ఇల్లు మామూలుగా గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ల కోసం వదిలిన స్థలంలో ఉంటుంది, అక్కడ ఇంటింటికీ విడి సర్వే నంబరు ఉండేది కాదు. అందుకని పంచాయతీ ఇంటిపన్ను రిజిస్టరు, పాత రసీదులు, రిజిస్టరైన దస్తావేజులు వెతకాలి. ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లను చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత ఇండెక్సులు వెతికించాలి. పాత భాగపంపకం కాగితం ఒక్కటి దొరికినా చాలు. అందులో తూర్పున ఫలానావారి ఇల్లు, దక్షిణాన వీధి అని రాసి ఉంటుంది. నీడలతో మీరు తేల్చిన ముఖం, ఫొటో అంచున కనబడే పక్కిల్లు దానికి సరిపోతే చాలా దూరం వచ్చినట్టే. స్థలం అంకణాల్లో ఉంటే ఒక జాగ్రత్త. నెల్లూరులో అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36.

ఊరే లేకపోతే? శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం కోసం, కండలేరు లాంటి జలాశయాల కోసం ఖాళీ చేసిన ఊళ్లున్నాయి. అలాంటప్పుడు భూసేకరణ కాగితాలు అడగండి, నష్టపరిహారం కోసం ఇళ్ల కొలతలు, యజమానుల పేర్లు నమోదు చేస్తారు. ఆ ఊరివాళ్లు స్థిరపడిన పునరావాస కాలనీకి ఫొటో తీసుకెళ్లండి.

పెద్దవాళ్లను అడిగే పద్ధతి

"అవ్వా, ఇది మా తాత ఇల్లే కదా?" అని అడిగితే "అవును నాయనా" అనే అంటారు. మన మనసు నొప్పించడం వాళ్లకు ఇష్టం ఉండదు. పేరు ముందు మీరు చెప్పకండి. పెద్ద ప్రింటు చేతికిచ్చి "ఇది ఏ వీధి అవ్వా? ఆ బావి ఎవరిది?" అని వస్తువుల నుంచి మొదలుపెట్టండి. ఒక్కొక్కరినీ విడివిడిగా అడగండి. నలుగురు కూర్చుంటే గట్టిగా మాట్లాడేవారి మాటే అందరి మాట అవుతుంది. వాళ్లు ఒప్పుకుంటే ఫోన్లో రికార్డు చేయండి.

సంవత్సరం అడిగితే చెప్పలేరు, తుపాను అడిగితే చెప్తారు. 1979 మే తుపాను, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను ఇక్కడి జ్ఞాపకాల్లో గట్టి గుర్తులు. "ఆ తుపానుకు ఈ వసారా పడిపోయిందా, నిలిచిందా?" అని అడగండి. ఇంటిపేరు తెలియకపోయినా "మిద్దింటోళ్లు", "బావికాడోళ్లు" అని చెబితే రాసుకోండి, ఊళ్లో ఇంకొకరికి ఆ గుర్తు చాలు. బంధువుల కన్నా ఇంటింటికీ తిరిగినవాళ్లు బాగా గుర్తుపడతారు. పోస్ట్‌మన్, మంత్రసాని, బట్టలుతికినవారు, పాలు పోసినవారు, మేళం వాయించినవారి కుటుంబాలను తప్పకుండా అడగండి, మర్యాదగా వాళ్లింటికే వెళ్లి అడగండి.

ఇప్పుడు ముఖాలు

ప్రింటు మీద పల్చని కాగితం పరిచి ప్రతి మనిషికీ ఒక నంబరు ఇవ్వండి. పక్కన సుమారు వయసు రాయండి. పాత శుభలేఖల్లో తాతల పేర్లు, ఊళ్లు దొరుకుతాయి. క్రైస్తవ కుటుంబాలైతే నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో 19వ శతాబ్దంలోనే స్థిరపడిన బాప్టిస్టు సంఘాల బాప్తిస్మ, పెళ్లి రిజిస్టర్లు అడగండి. తర్వాత పిల్లల వరసను, వాళ్ల మధ్య వయసు తేడాలను ఆ కుటుంబ వంశవృక్షంతో పోల్చండి. ఒడిలో ఉన్న పాప 1948లో పుట్టిన మేనత్త అని తేలితే, 1945లో పోయిన పెద్దాయన ఆ ఫొటోలో ఉండే వీలు లేదు. ఒక్క మనిషి సరిపోకపోయినా ఆ గుర్తింపును పక్కన పెట్టి మళ్లీ చూడాలి.

తేలిన పేర్లను మెత్తటి పెన్సిల్‌తో వెనక అంచున తేలిగ్గా రాయండి. బాల్‌పెన్ వాడితే ముందువైపు గీత పడుతుంది. పేరు పక్కనే ఎవరు చెప్పారు, ఏ కాగితంతో సరిపోయింది అన్నది కూడా రాయండి. ఒక్కరి మాట మీదే ఆధారపడిన పేరు దగ్గర ప్రశ్న గుర్తు పెట్టండి. స్కాన్ కాపీని ఆ ఇంటివాళ్లకూ, మీకు దారి చూపిన ప్రతి పెద్దకూ ఒక ప్రింటుగా ఇచ్చి రండి.